ఒంటిగీత – జంటగీత
వ్రాతలో దండమునకు గల స్థానమును గూర్చి

మన పెద్దలు శుభలేఖ వ్రాయించునపుడు వధువు పేరునకు ముందు చి॥ల॥సౌ॥ అని వ్రాయించెడివారు. చిరంజీవి, లక్ష్మీ, సౌభాగ్యవతి అను మూడు మాటలను మూడక్షరములకు కుదించి, ఒక్కొక్క అక్షరము ప్రక్కను రెండేసి నిలువుగీతలు గీసినచో, ఇది కుదింపు అని చదువరికి తెలియుచుండెను. స్వర్గస్థులైన వారి పేరునకు ముందు కీ॥శే॥, వేదపండితుల పేరునకు ముందు బ్ర॥శ్రీ॥, వైద్యుల పేరునకు ముందు డా॥, ధనమునకు ముందు రూ॥ – ఇట్లు ఆ జంటగీత మన వ్రాతలో కలసిపోయినది. ఆంధ్రదేశమును విడిచి తరములు గడచిన కుటుంబములలో, తెలుగు చదువు సన్నగిల్లిన ఇండ్లలో సైతము, పెండ్లిపత్రికపై మాత్రము ఈ గీతలు నిలిచియున్నవి.

ఇంతటి అలవాటు గల చిహ్నము నేటి కంప్యూటరు వ్రాతలో ఏ గతి పట్టినదో విచారించుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము. గీతయే కదా, దానిని గూర్చి ఇంత విచారమెందుకు అని కొందరనవచ్చును. నేనును ఒకప్పుడట్లే అనుకొంటిని. ఆ అభిప్రాయము మారుటకు కారణమైన చిన్న సంఘటన నొకదానిని ముందుగా మనవి చేసెదను.

కొన్ని సంవత్సరముల క్రిందట ఒక సంఘమువారి సంచికలో విరాళముల పట్టికను సరిచూచు పని నాకు తటస్థించినది. చేతివ్రాతలో ఒక దాత పేరునకెదురుగా రూ॥116 అని యున్నది. అక్షరములు కూర్చిన యువకుడు తెలుగు చదువనేర్చినవాడే. కాని ఈ జంటగీతను అతడెన్నడును ఎరుగడు. రెండు ఒకట్లు కాబోలునని తలచి రూ11116 అని కూర్చినాడు. నేనును గమనింపక ముద్రణకు పంపితిని. నూటపదునార్లు సమర్పించిన పెద్దమనిషి పదునొకండువేల నూటపదునార్ల దాత అయ్యెను. సంచిక వెలువడిన వారమునకు ఆయన నా యొద్దకు వచ్చి, "బాబూ, నేనిచ్చింది నూటపదహార్లే. ఈ పుస్తకం చూసి మా అబ్బాయి, మిగతా సొమ్ము ఎక్కడిది నాన్నా అని అడుగుతున్నాడు. నేనేం చెప్పేది?" అనెను. ఆయన నవ్వుచునే అనెను గాని నాకు నవ్వు రాలేదు. ఒక మర్యాదస్థుని మాటకు ఆయన యింటనే సందేహము కలిగించినది ఆ రెండు గీతలు కావు. వానిని తెలియని వ్రాత, చూడని నా కన్ను.

ఈ గీతలకు మన శాస్త్రములలో దండములని పేరు. ఒంటిగీత ఏకదండము, జంటగీత ద్విదండము. తాళపత్రములపై గంటముతో వ్రాయు కాలమున మాటకు మాటకు నడుమ ఎడము విడుచు ఆచారము లేదు. ఆకు చివరివరకు అక్షరములు ఎడతెగక సాగుచుండెను. నేడు మనమెరిగిన కామా, ఫుల్‌స్టాపు, ప్రశ్నార్థకము మొదలగునవి ముద్రణాలయములతో పాటు పాశ్చాత్యుల పద్ధతి ననుసరించి పందొమ్మిదవ శతాబ్దమున మన వ్రాతలో పాదుకొన్నవి. అంతకుముందు పద్యము ముగిసినదని చెప్పుటకు లేఖకునికి చేతనున్న సాధనములలో ముఖ్యమైనది ఈ నిలువుగీతయే.

అచ్చు వచ్చిన తరువాత వచనమున ఫుల్‌స్టాపు నిలిచినది, దండము తొలగినది. దీనికి మనము విచారింపనక్కరలేదు. హిందీలోను ఒడియాలోను వాక్యాంతమున నేటికిని దండమే నిలుచును. మరాఠీ, కన్నడ, తమిళ వచనములు మనవలెనే చుక్కను గ్రహించినవి. బరంపురమున, పర్లాకిమిడిలో పెరుగు మన పిల్లలు ఒడియా పాఠములలో దండమును దినదినము చూచుచుందురు. మధురలోను హోసూరులోను పెరుగువారికి అది కంటబడుట అరుదు. కావున ఈ చిహ్నమును గూర్చి మనలో అందరికిని ఒకే తీరు పరిచయము లేదు.

వచనము విడిచిన దండము మూడు తావులలో మాత్రము స్థిరముగ నిలిచినది. మొదటిది శ్లోకము. అనుష్టుప్పున పాదమునకు ఎనిమిదేసి అక్షరములు; రెండు పాదములు ముగిసిన చోట ఒంటిగీత, నాలుగు పాదములు ముగిసిన చోట జంటగీత. శ్లోకసంఖ్యను రెండు జంటగీతల నడుమ వ్రాయుటయు కలదు. సంస్కృతము రానివాడు సైతము ఆ గీతలను చూచి ఎచ్చట ఊపిరి తీసికొనవలెనో గ్రహింపగలడు. అర్థము తెలియని చదువరికి గీతయే గురువు.

రెండవది సంగీతము. సరళీ వరుసలలో మొదటిదానిని తలచుకొనుడు. ఆది తాళమున ఎనిమిది అక్షరకాలములు. లఘువునకు నాలుగు, రెండు ద్రుతములకు రెండేసి. కనుకనే స రి గ మ । ప ద । ని స ॥ అని వ్రాయుదురు. ఒంటిగీత తాళాంగము ముగిసినదనియు, జంటగీత ఆవర్తము ముగిసినదనియు చెప్పును. ఇచ్చట గీత అలంకారము కాదు. చేతిదెబ్బ ఎచ్చట పడవలెనో అదే చెప్పుచున్నది. కీర్తనలో దానికి మరియొక పని గలదు. చరణము ముగిసిన తరువాత పల్లవిలోని మొదటి మాటను జంటగీతల నడుమ ఉంచుదురు. పల్లవికి మరలుమని దాని తాత్పర్యము. ఆ గీతలు జారిపోయినచో ఆ మాట చరణములోని చివరి మాటవలె కనబడును. తెలుగు తెలిసినవాడు అర్థము కుదరక ఆగును. తెలియని గాయకుడు ఆ మాటను కలిపి పాడి, వాక్యమును తలక్రిందులు చేయును.

ఈ విషయము మన కుటుంబములకు చాల దగ్గరిది. త్యాగరాజస్వామి (1767–1847) కావేరీతీరమున తిరువయ్యారులో నివసించి తెలుగున కీర్తనలు రచించిరి. సుబ్బరామ దీక్షితులు (1839–1906) రచించిన సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో వెలువడినది తమిళదేశపు దక్షిణపు కొసనున్న ఎట్టయపురమున. అచ్చయినది తెలుగు లిపిలో. గమకములకు ప్రత్యేక చిహ్నములు కల్పించి, స్వరములతో పాటు వానిని అచ్చొత్తించిన గ్రంథమది. లోహపు అచ్చులను ఒక్కొక్కటిగా ఏర్చి పేర్చు దినములలో, ఆంధ్రదేశమునకు వెలుపల, ఇన్ని చిహ్నములను తెలుగు అక్షరములతో కూర్చి అచ్చువేయించినవారి దీక్షను తలచినచో, కంప్యూటరు ముందు కూర్చుండి ఒక్క గీతను సరిగా వేయలేకపోతిమని చెప్పుకొనుట మనకు గౌరవము కాదు.

మూడవ తావు సంక్షేపము. దానిని మొదటనే పేర్కొంటిని.

ఇక కంప్యూటరు సంగతి. ప్రపంచ లిపులన్నింటికిని ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్య నేర్పరచిన ప్రమాణమునకు యూనికోడ్ అని పేరు. 1991లో దాని తొలి కూర్పు వెలువడిననాడే తెలుగునకు నూట ఇరువదియెనిమిది గదుల పేట యొకటి కేటాయింపబడినది. దండమునకును ఆనాడే సంఖ్య లభించినది. పదునారు అంకెల లెక్కలో ఏకదండమునకు 0964, ద్విదండమునకు 0965. అయితే ఈ రెండును తెలుగు పేటలో లేవు. దేవనాగరి పేటలో ఉన్నవి. తెలుగు పేటలో వానికి సరియైన 0సి64, 0సి65 గదులను ఖాళీగా విడిచి, దండము కావలసినచో దేవనాగరి పేటలోనివానినే వాడుకొనుడని ప్రమాణమే సూచించినది.

దీనిని కొందరు భాషాభిమానులు ఆక్షేపింతురు. మన పద్యమునకు మన గీత ఉండరాదా, దేవనాగరి దండమను పేరు గల గుర్తును మనమేల అరువు తేవలెను అని వారి వాదము. ఈ ఆక్షేపణ నాకు సమంజసముగా తోచదు. కామాను, ఫుల్‌స్టాపును ఇంగ్లీషు అక్షరముల పేటనుండి తెచ్చుకొనుచున్నాము. ఎవ్వరికిని అభ్యంతరము లేదు. నిలువుగీత భారతీయ లిపులలో పెక్కింటికి ఉమ్మడి సొత్తు. ఉమ్మడి బావిలో నీరు తోడుకొనుటకు సిగ్గేమి? పేరు దేవనాగరిదైనను గీత అందరిది. నిజమైన చిక్కు వేరొకచోట నున్నది. తెలుగు ఫాంటులలో కొన్నింట ఈ గీతకు రూపము చెక్కలేదు. అప్పుడు కంప్యూటరు వేరొక ఫాంటునుండి దానిని తెచ్చి అతుకును. గుండ్రని తెలుగు అక్షరముల ప్రక్క, ఎత్తు కుదరని, లావు కుదరని గీత నిలిచి కంటికి వెలితిగ తోచును. ఆక్షేపింపవలసినది ఫాంటు చెక్కువారి ఉపేక్షను గాని, గీత యున్న పేటను కాదు.

అంతకన్న పెద్ద దోషము మనది. దండమునకు సంఖ్య ఉండగా మనము దానిని వాడుట లేదు. కంప్యూటరు మీటలలో, ఎంటర్ మీటకు చేరువను, నిలువుగీత యొకటి గలదు. చేతికందినది కదా అని పద్యము చివర దానినే రెండుమారులు నొక్కుచున్నాము. చూపునకు || అను నది ॥ వలెనే యుండును. కాని యంత్రమునకు రూపముతో పని లేదు, సంఖ్యతోనే పని. మీటపైని ఆ గీత సంఖ్య 124. యూనికోడ్ ప్రమాణము దానిని గణితచిహ్నముల వర్గమున చేర్చినది. దండమును విరామచిహ్నముల వర్గమున చేర్చినది. అనగా మనము శ్లోకము చివర విరామమునకు బదులు లెక్కల గుర్తును వ్రాయుచున్నాము. మరికొందరు ఇంగ్లీషు 'ఎల్' అక్షరమునో, 'ఐ' అక్షరమునో, ఒకటి అంకెనో వేయుదురు. ఒంటిగీతను రెండుమారులు వేసి జంటగీత అయినదని తృప్తి పడువారును కలరు.

దీనివలన కలుగు హానులు ఊహామాత్రములు కావు. మొదటిది వెదకుట. ఒక సంచికలో డా॥ అనియు, వేరొకదానిలో డా|| అనియు, మరియొకదానిలో ఒకట్లతోను వ్రాసినచో, మన కంటికి మూడును ఒక్కటే. యంత్రమునకు మూడును వేరు. ఏబదియేండ్ల సంచికలను కంప్యూటరులోని కెక్కించి, తాతగారి పేరున్న పుటను వెదకు మనుమనికి ఆ పుట దొరకకపోవచ్చును. రెండవది పాఠము చెడుట. వికీసోర్సు వంటి బహుజన గ్రంథాలయములలో, పుటలను తీర్చు మూసలలో, మీటపైని నిలువుగీత ఒక అంశమును మరియొకదానినుండి వేరుచేయు సంకేతము. అట్టి మూసలో ఉంచిన శ్లోకము నడుమ ఆ గీత పడినచో, దాని వెనుకనున్న భాగము వేరొక అంశముగ లెక్కింపబడి తెరపైకి రాకపోవచ్చును. సగము శ్లోకము కనబడును, సగము మాయమగును. నిజమైన దండమున కీ ప్రమాదము లేదు. మూడవది ఇదివరలో చెప్పినదే: గీత అంకెయై, అంకె అబద్ధమగుట.

ఇచ్చట మరియొక విషయము ముచ్చటింపవలెను. ఇటీవలి సంవత్సరములలో తెలుగు పేటలో చేరిన గుర్తులు ఎన్నియో కలవు. కాలు, వీసము మొదలైన భిన్నములను వ్రాయు పాత లెక్కల గుర్తులు, తూమునకు గల గుర్తు, అవగ్రహము – ఇవి 2008లో చేరినవి. వ్రాతకు మొదట మంగళార్థముగ గీయు సిద్ధము అను గుర్తు 2019లో చేరినది. అక్షరాభ్యాసమున ఓనమాలతో పాటు పలికించు సిద్ధం అను మాట మనలో ఎవరికి తెలియదు? పాత అచ్చు పుస్తకములలో కనబడు నకారపొల్లు 2021లో చేరినది. వీనికొరకు పాత ప్రతులను వెదకి, సాక్ష్యములను సమకూర్చి, ప్రతిపాదనలు పంపి, ఒప్పించినవారు కలరు. ఆ గుర్తులు తమకొక గది కొరకు ఏండ్ల తరబడి గడప వెలుపల నిలిచినవి. దండమన్ననో, తొలినాడే గది పొందినది. గది యుండియు పిలుచువారు లేక ఊరకున్నది.

దండమును పూర్తిగ విడిచిపెట్టుడని చెప్పువారు కూడ కలరు. వారి వాదమునకు బలము లేకపోలేదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయులై యుండి వాడుకభాష కొరకు జీవితమును ధారపోసిన గిడుగు రామమూర్తి పంతులుగారి (1863–1940) పేరు చెప్పి, వాడుకలో లేనిదానిని పిల్లలపై రుద్దరాదని వారందురు. అరసున్న పోయినది, శకటరేఫము పోయినది, పద్యపు గీత పోయిననేమి అని అడుగుదురు. మన పిల్లలు పాఠశాలలో ఆయా రాష్ట్రముల భాషను, హిందీని, ఇంగ్లీషును నేర్చి, మిగిలిన కొద్ది వేళలో తెలుగు అక్షరములు దిద్దుకొనుచున్నారు. తమిళనాట 2006లో తమిళ బోధనను గూర్చిన చట్టము వచ్చిన తరువాత అచటి తెలుగు కుటుంబములకు ఈ ఇబ్బంది ఇంకను బాగుగ తెలిసినది. అక్షరమే నిలుచునో లేదో యనుచున్నవేళ గీతను గూర్చి తగవా అని వారి బాధ. ఆ బాధను నేను గౌరవింతును.

కాని అరసున్నకును దండమునకును భేదమున్నది. అరసున్న నేటి ఉచ్చారణలో వినబడదు. దానిని విడిచినచో చదువువాని గొంతున మార్పు లేదు. దండము వినబడును. అది ఊపిరి, అది తాళము, అది పల్లవికి మరలు త్రోవ. వాడుకభాషావాదము కోరినది వ్రాత పలుకునకు దగ్గర కావలెననియే గదా. పలుకునకు తోడ్పడు గుర్తును ఆ వాదము పేర త్రోసివేయుట న్యాయము కాదు. మరియు తెలుగు తక్కువగ వచ్చిన బిడ్డకే ఈ గీత ఎక్కువ అవసరము. తాతగారి ఒడిలో కూర్చుండి శ్లోకము విన్నవానికి ఎచ్చట ఆగవలెనో చెవియే చెప్పును. తాతగారు లేని ఇంట, ఫోనులో పుట తెరచి ఒంటరిగ చదువుకొను బిడ్డకు ఎవరు చెప్పుదురు?

అట్లని గీతను ఎల్లచోట్ల గుప్పించుటయు నాకు సమ్మతము కాదు. కొందరు వచనమున సైతము వాక్యవాక్యమునకు దండము నిలిపి, ప్రాచీనత వచ్చినదని మురియుదురు. వ్యాసముల పేరులకు ఇరుప్రక్కల జంటగీతలు తోరణములవలె కట్టుదురు. అర్థము లేని చోట వాడిన గుర్తు, అర్థమున్న చోట గూడ తన విలువను కోల్పోవును. రూపాయికి 2010లో ప్రత్యేక చిహ్నము వచ్చి, ఆ యేడే యూనికోడ్‌లో చేరినది. కావున విరాళముల పట్టికలో రూ॥ కు బదులు ₹ వాడుటయే క్షేమము. డా॥ అని వ్రాసినను డా. అని వ్రాసినను దోషము లేదు. ఒక సంచికలో ఒక్క తీరే యుండవలెను. శ్లోకమునకు, కీర్తనకు, స్వరమునకు మాత్రము దండము వలదనుట కుదరదు. శుభలేఖపై చి॥ల॥సౌ॥ అనునది పెద్దల ముచ్చట. ఆ ముచ్చట తీర్చుకొనువారు సరియైన గీతతో తీర్చుకొందురు గాక.

ఆచరణ కష్టమైనది కాదు. ఫోనులోని తెలుగు మీటలలో గీత కానరానిచో, హిందీ మీటలను తోడుగ పెట్టుకొన్నచో అది దొరకును. ఒకమారు తెచ్చి దాచుకొన్నచో మరల మరల అతికింపవచ్చును. సంచికను కూర్చువారు వ్రాతప్రతి నంతటిని ముగించిన పిదప, మీటపైని గీతలను ఒక్కమారుగ మార్పింపవచ్చును. అందును వరుస ముఖ్యము. మొదట జంటలను ద్విదండముగ మార్చి, ఆ తరువాతనే ఒంటిగీతలను ఏకదండముగ మార్చవలెను. వరుస తప్పినచో ప్రతి జంటయు రెండు ఏకదండములై మరల క్రొత్త దోషము పుట్టును. గీతకు ముందు ఎడము విడిచినచో, పంక్తి నిండినపుడు గీత యొక్కటే తరువాతి పంక్తికి దిగి అనాథవలె నిలుచును. అక్షరమున కంటి వ్రాసినచో, లేదా విడరాని ఎడము నుంచినచో, ఆ బాధ తొలగును. ఇవన్నియు ఒక గంటసేపటి పని.

నేను ముందు చెప్పిన పెద్దమనిషి కథకు ముగింపు కూడ మనవి చేయవలెను. మరుసటి సంచికలో సవరణ వేయుదుమని వారికి మాట యిచ్చితిమి, వేసితిమి. ఆ సవరణను అచ్చునకు పంపుటకు ముందు నేను అక్షరమక్షరమును చూచితిని. ఆ కూర్చిన యువకుని ప్రక్కను కూర్చుండబెట్టుకొని, ఇది అంకె కాదు, గీత; దీని పేరు దండము అని చెప్పితిని. అతడు కొంతసేపు దానిని చూచి, "మా అమ్మమ్మ పాటల పుస్తకంలో ఇవి చాలా ఉన్నాయండీ, కొట్టివేతలనుకున్నాను" అనెను. తరువాత ఆ పుస్తకమును తెచ్చి చూపెను. చేతివ్రాతతో నిండిన కీర్తనల పుస్తకమది. ప్రతి చరణము చివరను, పల్లవి మాటకు ఇరుప్రక్కల, నిదానముగ గీసిన జంటగీతలు. ఆ అవ్వ ఎచ్చట మరలి పాడెనో అవి చెప్పుచునే యున్నవి. అట్టి పుస్తకములు మన యిండ్లలో ఇంకను కొన్ని యుండును. వానిని కంప్యూటరులోని కెక్కించువారు అక్షరములతో పాటు ఆ గీతలను గూడ గీతలుగనే ఎక్కింతురని కోరుచున్నాను.